పదో చరణం

నేను ఒక కవితను. ఐర్లండ్ పడమటి ఒడ్డున ఒక పల్లెలో, ఐరిష్ భాషలో పుట్టాను. నన్ను రాసిన సొరహా ఆ ఊరి బడిలో టీచరు. మనిషిని మనిషి అమ్ముకున్న చరిత్రంతా చెప్పాలని మూడేళ్లు కష్టపడి నాకు పది చరణాలు కట్టింది.

రోము గనుల్లో మగ్గినవాళ్లు, సముద్రపు దొంగలు ఎత్తుకెళ్లి అమ్మేసిన ఐరిష్ ఆడపిల్లలు, ఓడల అడుగున గొలుసులతో ఆఫ్రికావాళ్లు, ఈనాటి ఇటుక బట్టీల్లో కుటుంబాలు, అందరూ నాలో ఉన్నారు. తొమ్మిది చరణాల్లోనూ తప్పంతా పరాయివాళ్లదే. అలాంటివి విని కన్నీళ్లు పెట్టుకోవడం మనుషులకు మహా సులువు.

పదోది వేరు. సొరహా ముత్తాతకు తాత ఈ ఊరివాడే. కరీబియన్ దీవికి కూలీగా వెళ్లి, చెరకు తోట సంపాదించి, నలభై మందిని కొని, వాళ్లకు తన ఇంటిపేరు తగిలించాడు. నా ప్రాణమంతా ఆ చరణంలోనే ఉంది.

ఊరి ఉత్సవంలో నన్ను పాడాలనుకుంది. ఉత్సవం నడిపేది సొరహా చిన్నాన్న కోల్మన్. ఆయన ముందురోజే వచ్చాడు.

"ఆ చివరిది వద్దులే తల్లీ. పోయినోళ్లని సభలో నిలబెట్టి తిడతామా?"

"అది లేకపోతే మిగతాదంతా పక్కింటోళ్ల మీద చాడీలే చిన్నాన్నా!"

నేను పొంగిపోయాను. ఎంత వెర్రిదాన్నో!

అక్కడొక ఆనవాయితీ ఉంది. పాటలో ఆఖరి మాటలు పాడరు, మామూలుగా మాట్లాడినట్టు చెబుతారు. దాంతో పాట అయిపోయిందని అందరికీ తెలుస్తుంది. తొమ్మిదో చరణం చివర సొరహా ముందు వరుసలోని చిన్నాన్న వైపు చూసింది. ఆ మాటలు పాడలేదు, చెప్పేసింది. హాలంతా చప్పట్లు. కోల్మన్ కళ్లు తుడుచుకున్నాడు. కన్నతల్లే నా పీక నొక్కిందని నాకొక్కదానికే తెలుసు. పరాయివాళ్లు చేసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

జనం పలచబడ్డాక, కోల్మన్ తొమ్మిది చరణాలకే అచ్చువేయించి పంచిన అనువాదం కాగితం పట్టుకుని ఒక నల్లజాతి నర్సు సొరహా దగ్గరికొచ్చింది.

"నా పేరు యూనిస్ అండీ. మాది కరీబియన్. మీ ఇంటిపేరూ మాదీ ఒకటే. మాకీ పేరు ఎవరు పెట్టారని మా తాత పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. మీకేమైనా తెలుసా?"

నేను సొరహా నాలుక చివరే ఉన్నాను.

"తెలీదమ్మా," అంది సొరహా.