కొట్టు కిటికీలో నాన్న

నాన్న పోయిన మరుసటి వేసవిలో నేనూ, మా అక్క కరరైనా, పీచు పళ్ళు అమ్మడానికి నది మీద పడవలో వాంగనుయి పట్నం వెళ్ళాం. ఫొటోలు తీసే ప్రింగిల్ దొర కొట్టు ముందు అక్క చటుక్కున ఆగిపోయింది.

కిటికీలో గవ్వల పెట్టెల పక్కన నాన్న ఉన్నాడు. మొహం మీద పచ్చబొట్టు గీతలు, భుజాన నారవస్త్రం. కింద ‘మావోరీ యోధుడు’ అని అచ్చు.

“యోధుడా? జన్మంతా చిలగడదుంపలు పండించిన మనిషే!” అంది అక్క.

పెళ్ళయి దూరం వెళ్ళిన అక్క దగ్గర తన మొహం ఉండాలని నాన్న ఈ కొట్లోనే తీయించుకున్న ఫొటో అది. ఆయన పోయినప్పుడు శవం పక్కన అక్క దగ్గరున్న ప్రతినే నిలబెట్టి, దానితో మాట్లాడుతూ ఏడ్చాం.

అక్క లోపలికెళ్ళి, “మా నాన్నని ఇచ్చెయ్యి” అంది.

“కావాలంటే కొనుక్కో. ఓడ దిగినవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. మీ నాన్న లండన్ దాకా వెళ్ళాడు, సంతోషించు!” అని నవ్వాడు దొర.

అక్క బయటికొచ్చి, కొమ్మలు తుంచి, చావింట్లో మావాళ్ళు చుట్టుకున్నట్టే తలకి ఆకుల దండ చుట్టుకుంది. కిటికీ ముందు చతికిలబడి శోకాలు మొదలెట్టింది.

“ఇది బజారు, లే అక్కా!” అన్నాను.

“పోయినవాళ్ళ మొహం ఎక్కడుంటే ఏడుపు అక్కడే. నువ్వూ కూర్చో.”

కూర్చున్నాను. పాము చేపలు అమ్మే ఆడవాళ్ళూ వచ్చి గొంతు కలిపారు. ఫొటో కోసం ముస్తాబై వచ్చిన దొరసానులు మమ్మల్ని చూసి వెనక్కి తిరిగారు.

దొర చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “ఎంతసేపు ఏడుస్తారు?”

“పెద్దమనిషైతే వారం పడుతుంది. నాన్న చాలా పెద్దమనిషి” అంది అక్క, కళ్ళు తుడుచుకోకుండానే.

చివరికి ఆ ఫొటోలు అచ్చువేసే గాజు పలకా, మిగిలిన ఫొటోలూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. వాటిని నాన్న పక్కనే పాతిపెట్టాం. ఇక నెమ్మదిస్తుందనుకున్నాను.

“అమ్ముడుపోయినవో?” అంది అక్క.

అప్పట్నుంచి అక్కకి కాలు నిలవలేదు. తెల్లవాళ్ళ ఇళ్ళకి పళ్ళు తీసుకెళ్ళి, “మీ ఆల్బం చూపిస్తారా అమ్మా?” అని అడిగేది. వాళ్ళు మురిసిపోతూ తెరిచేవారు. ఒక ముసలి దొరసాని ఆల్బంలో, ఆవిడ మనవళ్ళ పక్క పేజీలో నాన్న కనిపించాడు.

“ఎవరమ్మా, మీవాళ్ళా?”

“నాన్న.”

ఆవిడ ఫొటో తీసి అక్క చేతిలో పెట్టింది. అయినవాళ్ళని పలకరించే మా పద్ధతిలో అక్క ఆవిడ ముక్కుకి ముక్కు ఆనించి నిలబడింది.

ఇంటికి పోదామన్నాను. అక్క అప్పటికే పక్కింటి తలుపు తడుతోంది.