రెండు సీట్ల కాగితం

వాయిదా ఉన్న రోజు తన ఊరు హిమాయత్‌నగర్ నుంచి చేవెళ్ల కోర్టు దాకా ఎస్తేర్ ఆటోలో రెండు సీట్లకు కిరాయి ఇస్తుంది. ఒకటి తనకు, ఒకటి ఒళ్లో ఉన్న విడాకుల ఆర్డరుకు. అమలుకాని ఆర్డరు రోజురోజుకూ బరువెక్కుతుందని ఆ దారిలో అందరికీ తెలిసిందే.

"మళ్ల పెరిగినట్టున్నదక్కా," అన్నాడు డ్రైవర్ కుర్మయ్య, ఓ పక్కకు ఒరిగిన బండిని సర్దుకుంటూ.

"ఎనిమిది నెలలాయె గద తమ్మీ."

ఆమె కుట్టు సంపాదనతో కొనుక్కున్న మూడు మిషన్లను నెలలోగా ఇచ్చేయమని కోర్టు మాజీ భర్త కృపాకర్‌కు చెప్పింది. ఆయనగారు మిషన్లున్న గదికి తాళమేసి, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడుతున్నాడు. ఎస్తేర్ కిరాయి మిషన్ మీద జాకెట్లు కుడుతూ, కమ్మలు కుదువబెట్టి మళ్లీ వకీలు ఫీజు కట్టింది. గోరుచుట్టు మీద రోకలిపోటు. మిషన్లు వచ్చినా అమ్మ పెట్టిన ఆ కమ్మలు ఇక రావేమోనని ఆమెకు నిద్ర పట్టడం లేదు.

కోర్టులో కృపాకర్ చేతులు కట్టుకున్నాడు. "మిషన్లు ఇస్త సార్. ఫీజుతోటి నాకేం సంబంధం? ఎవరి ఖర్చులు వాళ్లవే అని ఆర్డర్లనే ఉన్నది."

నిజమే, ఆఖరి పేజీలో ఆ ముక్క ఉంది. ఎస్తేర్ బోసి చెవులు తడుముకుంది.

వకీలు సింధుజ లేచింది. "అది విడాకుల కేసు ఖర్చు సార్. ఇది ఈయన మాట విననందుకైన ఖర్చు." కూరగాయల మార్కెట్లో యాదయ్య కాంటా మీద నెలనెలా ఆర్డరును తూయించిన చిట్టీలు ముందు పెట్టింది. తీర్పు రోజు అరపావు. గడువు తీరిన రోజూ అరపావే. నిన్నటికి నలభై రెండు కిలోలు.

జడ్జిగారు తేదీలు చూశారు. "గడువు తర్వాత పెరిగిందంతా ఇతనిదే," అని, మిషన్లతో పాటు ఫీజు కూడా వారంలో కట్టమని రాశారు. సంతకం ఆరేలోపు ఎస్తేర్ ఒళ్లో కాగితం తేలికైంది. కృపాకర్ తన కాపీని మడిచి జేబులో పెట్టుకోగానే అది చొక్కాను ఓ పక్క కిందికి లాగింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ అదే ఆటో దొరికింది. బండి కృపాకర్ వైపు ఒరిగింది. ఎస్తేర్ అలవాటు కొద్దీ రెండు సీట్ల డబ్బులు తీసింది. కుర్మయ్య సగం వెనక్కిచ్చి, కృపాకర్ వైపు చెయ్యి చాపాడు.

"అన్నా, నీకు రెండు సీట్లు. ఎవరి కిరాయి వాళ్లదే."