బూడిద మూకుడు

పదకొండో వేలు కూడా మచ్చగానే పడింది.

సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు రమణమూర్తి కాగితాన్ని వెలుతురుకేసి ఎత్తి చూశాడు. పలాస బడి వరండాలో పొద్దుటి నుంచి పదకొండుమంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి, సిరా మెత్త మీద ఎడమచేతి బొటనవేలు అద్ది, సంఘం దరఖాస్తు కింద నొక్కి వెళ్ళారు. కాగితం మీద పదకొండు నల్లటి చుక్కలున్నాయి. ఒక్కదాంట్లోనూ గీత లేదు.

"ఇవేం ముద్రలు మేష్టారూ? చింతగింజ అద్దినా ఇలాగే పడుతుంది" అన్నాడు.

"వీళ్ళు జీడిపిక్కలు కొట్టేవాళ్ళండి" అన్నాడు బడి మేష్టారు ఉమాపతి. దరఖాస్తు రాసింది ఆయనే. "పిక్క పెంకులో జీడి అని నల్లటి రసం ఉంటుంది. అది చర్మాన్ని తినేస్తుంది. ఏడాది కొడితే వేలిమీద గీతలుండవు."

ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు. "ఏమ్మా, నీ వేలి గీతలు ఎక్కడ పారేసుకున్నావు?"

బొడ్డమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ పాయసంలోన ఉంటాయి బాబూ. నెమ్మదిగా నమిలి సూడండి."

వెనకనున్న కన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

బొడ్డమ్మ మొగుడు లోకనాథం కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటికి కూతురు నీలవేణికి అయిదేళ్ళు. ఆ నెలలోనే బొడ్డమ్మ శేషగిరి జీడిబట్టీలో చేరింది. ఇది పదో ఏడు. ఉద్దానం తోటల నుంచి బళ్ళమీద వచ్చిన పిక్కల్ని మగవాళ్ళు ఇనపపెనాల్లో కాలుస్తారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, పిక్కను రాతిమీద నిలబెట్టి, కొయ్యసుత్తితో కొట్టి, పప్పు విరక్కుండా తీస్తారు. వీశ పప్పుకు ఆరణాలు. ఎంత గట్టిగా కొట్టినా రోజుకు రెండు వీశలు దాటదు. ఆ పప్పు రైలెక్కి దిగితే వీశ అయిదు రూపాయలని శేషగిరి గుమాస్తా ఢిల్లీరావే ఒకసారి నోరుజారి చెప్పాడు.

ఇద్దరేసి ఆడవాళ్ళ మధ్య ఒక బూడిద మూకుడు ఉంటుంది. వేళ్ళు బూడిదలో ముంచి పిక్క పట్టుకుంటే బూడిద కొంత జీడిని పీలుస్తుంది. కొంతే. కొత్తగా వచ్చిన మనిషికి బట్టీలో ఎవరూ పని చెప్పరు. పక్కనున్న ఆవిడ మాట్లాడకుండా మూకుడు ఆమె వైపు జరుపుతుంది. రమ్మన్నా, జాగ్రత్తన్నా అదే.

బూడిద ఉన్నా బొడ్డమ్మ వేళ్ళు మూడు నెలల్లో నల్లబడ్డాయి. ఒకనాడు ఆ చేత్తో అన్నం కలిపి కూతురి నోట్లో పెట్టింది. తెల్లారేసరికి పిల్ల పెదాలు బొబ్బలెక్కాయి. ఆ తరవాత మళ్ళీ పెట్టలేదు. పెరుగన్నమైనా, పండగనాటి పులిహోరైనా నీలవేణి తనే కలుపుకుని తినేది. ఈ పిల్లను మాత్రం బట్టీ గుమ్మం తొక్కనివ్వనని బొడ్డమ్మ ఒట్టు పెట్టుకుంది.

సంఘం మీద ఆమెకు ఆశ పుట్టింది అందుకే. నేతవాళ్ళు సంఘం పెట్టుకున్నట్టు మీరూ పెట్టుకోవచ్చని మేష్టారు చెప్పాడు. పిక్కలు తోటలవాళ్ళ దగ్గర మీరే కొనుక్కోవచ్చు, మీ పెనం మీరే పెట్టుకోవచ్చు, వీశకు పదణాలు మిగులుతాయన్నాడు. పదణాలైతే రెండో జత చేతులు అక్కర్లేదు. నీలవేణి ఇంటిపట్టునే తాటాకు చాపలు అల్లుకుంటుంది.

ఇన్‌స్పెక్టరు దరఖాస్తు మడిచి మేష్టారి చేతికిచ్చాడు. "ఈ వేళ్ళు ఫలానా మనుషులవేనని ఆస్తిపరుడెవరైనా పూచీ పడాలి."

వరండా చివర బల్లమీద శేషగిరి కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు. ఇప్పుడు లేచి, ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఎండ ముదిరిపోయిందండీ. భోజనం మా ఇంట్లో. నడవండి."

ఇద్దరూ వెళ్ళిపోయారు. మేష్టారు సిరా మెత్త మూత పెట్టాడు. మూత సరిగా పడలేదు. మళ్ళీ పెట్టాడు.

*

నెల తిరిగేసరికి సంఘం వచ్చింది.

శేషగిరి బట్టీ గుమ్మం మీద 'జీడి పనివారల సహకార సంఘం' అని కొత్తబోర్డు కట్టారు. అధ్యక్షుడు శేషగిరి. కార్యదర్శి ఢిల్లీరావు. సభ్యుల్లో శేషగిరి భార్య త్రిపురసుందరి, ఆమె తమ్ముడు, గుడి పూజారి కూర్మనాథం ఉన్నారు. అందరికీ సంతకాలు వచ్చు. బోర్డుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పిక్కలు కొట్టేవాళ్ళకు తలా ఒక ముక్క పంచారు.

ఆ శనివారం కూలి వీశకు అయిదణాలే వచ్చింది.

"ఒక అణా ఏటయినాది బాబూ?" అని అడిగింది కన్నమ్మ.

"సంఘానికి."

"సంఘంలోన మావున్నామేటి?"

"మీ కోసమే గదే సంఘం" అన్నాడు ఢిల్లీరావు.

ఆ మరుసటి సోమవారం అతను బొడ్డమ్మ దగ్గరకొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఒలే బొడ్డమ్మా, శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారు వత్తన్నారు. సర్కారు సొమ్ము రావాలంటే సంఘంలోన పిక్కలు కొట్టినోళ్ళు పదిమందుండాలట. నీ కూతురి సేత ఏలెయ్యించు."

"అది పిక్కలు కొట్టదు బాబూ."

"అందుకే దాని ఏలు బాగుంది."

బొడ్డమ్మ సుత్తి కింద పెట్టింది. "పదేళ్ళ బట్టి కొట్టినదాన్ని నాను. మరి నానో?"

"నీకు ఏలుందేటే?" అని అతను నవ్వాడు. "గుంటకి పద్దెనిమిదని రాసేసినాను. కన్నమ్మ కూతురు ఒప్పేసుకుంది. మరో ఎనిమిది మందీ దొరికినారు. ఇదొక్కర్తే తక్కువ. ఇదిగో కాయితం, సూపించుకో."

శేషగిరి కూడా వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ గొంతెత్తడు. "నీ ఇష్టం బొడ్డమ్మా. బలవంతం లేదు. ఎయ్యకపోతే వచ్చే సోమవారం నుంచి నీకు పిక్కలు తూచరు. అంతే."

ఆయన వెళ్ళాక కన్నమ్మ తల వంచుకునే అంది. "నా మీద కోపం పడకప్పా. రెండు కుంచాల బియ్యం ఇచ్చినారు. ఏలే గదా, తల కాదు గదా."

బొడ్డమ్మ మళ్ళీ సుత్తి అందుకుంది.

సాయంత్రం ఇంటిముందు అరుగుమీద నీలవేణి ఆ కాగితం చదివింది. మేష్టారి దగ్గర మూడో తరగతి దాకా చదువుకుంది. వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది.

"'సంఘంలో పిక్కలు కొట్టు పనివారము మేమే. మాకు వీశ ఒక్కింటికి పదణాలు ముట్టుచున్నవి. మాకు ఏ కొరతయూ లేదు.'" తల ఎత్తింది. "అమ్మా, పదణాలు నీకెప్పుడిచ్చినారు?"

"ఇవ్వనేదు."

"మరి పిక్కలు నాను కొట్టినానా?"

"నేదు."

"మరేటీ కాయితం?"

బొడ్డమ్మ కూతురి చెయ్యి చూసింది. తాటాకు గీరుకున్న గాట్లు రెండున్నాయి. బొటనవేలు ఎర్రగా ఉంది. గీతలు కుండమీద సారె తిరిగిన ఆనవాళ్ళలా చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. ఇన్నేళ్ళు దాచింది ఈ వేలినే.

"ఎయ్యే అమ్మీ" అంది. "ఎయ్యకపోతే కూడు నేదు. మచ్చకాదు, మరక కాదు. కడిగేసుకుందువు."

నీలవేణి కాగితం మడిచి తల్లి ఒళ్ళో పెట్టింది. లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది.

మంగళవారం పొద్దున్న బొడ్డమ్మ బట్టీ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసేసరికి కూతురు ఉంది.

"నువ్వెందుకొచ్చినావే? ఇంటికెల్లు."

నీలవేణి ఆగలేదు. తల్లిని దాటుకుని, కొత్తబోర్డు కిందనుంచి లోపలికి వెళ్ళింది. కాలిన పిక్కల పొగ కళ్ళలో కొట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"ఏటే, కొట్టదు కొట్టదన్నావు, తోలుకొచ్చేసినావా?" అని ఢిల్లీరావు సంతోషించాడు. రెండు చేతులు కలిసొచ్చాయి. "కూకో గుంటా, కూకో. సుత్తి ఇవ్వండే దానికి."

నీలవేణి కన్నమ్మ పక్కన కూర్చుంది. కన్నమ్మ ఆ పిల్ల మొహం చూడలేకపోయింది. అలవాటు చొప్పున బూడిద మూకుడు ఆమె వైపు జరిపింది.

నీలవేణి మూకుడు వెనక్కి జరిపింది.

"ముంచుకోయే. తెలీదేటి? కాలిపోద్ది" అంది కన్నమ్మ.

నీలవేణి ఎడమచేతి బొటనవేలితో పిక్కను రాతిమీద అదిమి పట్టి కొట్టింది. చేతకాక పెంకు చితికింది. నల్లటి జీడి వేలిమీదికి పారింది. ఆమె తుడుచుకోలేదు. వేలు అందులోనే ఉంచి, ఎదురుగా కూర్చున్న తల్లికి మాత్రమే వినపడేటట్టు అంది.

"శుక్రవారానికి నాకూ ఏలుండదమ్మా."

ముందుకు వంగిన బొడ్డమ్మ చెయ్యి కన్నమ్మ పక్కనున్న మూకుడు మీదికి వెళ్ళింది. ఆ మూకుడు కూతురి వైపు జరపాలి. కావాలంటే బలవంతంగానైనా ఆ చెయ్యి పట్టి బూడిదలో కుక్కాలి. పదేళ్ళు ఆమె బతికింది దానికోసమే.

అవతల ఢిల్లీరావు పిక్కలు తూస్తూ ఎవరినో కసురుతున్నాడు. ఇంకా అతను చూడలేదు.

బొడ్డమ్మ మూకుడు ఎత్తి తన వెనక పెట్టుకుంది.

నీలవేణి రెండో పిక్క తీసింది.