ఎత్తక తప్పని ఫోన్లు

తెనాలి స్టేషన్లో విజయసారథి తప్పిపోయి ఆరు రోజులైంది. రిటైరైన సంస్కృతం మాస్టారాయన, రెండేళ్లుగా మతిమరుపు. చెల్లెలు శ్రీవల్లి టిక్కెట్లు కొని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

పోలీసులకు చెప్పింది. అన్నయ్య ఫొటో కింద తన నంబరు వేయించి, తెనాలి నుంచి రేపల్లె దాకా కాగితాలు అంటించింది. ఇక ఏ కొత్త నంబరు మోగినా ఎత్తాల్సిందే. బాపట్లలో ఆమె పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టారు క్లాసులోకి కూడా ఫోను తీసుకెళ్లనిచ్చారు. మోగినప్పుడల్లా అన్నయ్య కబురేననుకునేది. తీరా ఎత్తితే పర్సనల్ లోను. నందివెలుగు దగ్గర ప్లాట్లు. లేదంటే "అభినందనలు!" అంటూ రికార్డు చేసిన గొంతు. రోజుకు ఇరవై, ముప్పై.

"అవన్నీ బ్లాక్ చేసెయ్యండి మేడమ్," అంది తోటి టీచరు ప్రియ.

"వాటిల్లో ఒక్కటి అన్నయ్య గురించైతే?"

ఏడో రోజు మధ్యాహ్నం, పాఠం మధ్యలో వరసగా నాలుగొచ్చాయి. ఐదోసారి ఎత్తగానే ఎవరో మగమనిషి, "మేడమ్, మీకొక విషయం..." అన్నాడు.

"నాకే లోనూ వద్దు! మీకింకేం పని లేదా?" అని అరిచి పెట్టేసింది. పిల్లలు బిత్తరపోయి చూశారు.

గంట తర్వాత, స్టాఫ్ రూములో కూర్చున్నాక మనసు పీకింది. ఆ మనిషి గొంతులో బేరం లేదు. ఏదో బెరుకు. వెంటనే తిరిగి చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"రేపల్లె స్టేషన్ దగ్గర ఆటో తోల్తానండి. పేరు జ్ఞానానందం. కాగితంలో ఉన్న పెద్దాయన ఇక్కడే కూర్చునున్నారని చేశా. మీరు తిట్టారు. తప్పు నంబరేమోననుకుని కిరాయికెళ్లిపోయా. ఇప్పుడొచ్చి చూస్తే లేరక్కా."

శ్రీవల్లి బ్యాగు అందుకుని లేచింది.

"తప్పు నాదే తమ్ముడూ. బయల్దేరుతున్నా. ఈలోగా కాస్త వెతుకు, నీకు దణ్ణం పెడతా."

ఆమె బస్సు దిగేసరికి పొద్దు వాలింది. జ్ఞానానందం అప్పటికే ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాడు. కాలవగట్టు దిగబోతూ జారిపడ్డారట. అరికాళ్లు పుండ్లు పడి ఉన్నాయి. కుడికాలు కదిపితే కేక పెడుతున్నారు. చెల్లెల్ని చూసి, "వల్లీ, నొప్పే" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చిందామె.

"ఎప్పుడు పడ్డారు?" డాక్టరు అడిగాడు.

"రెండున్నరప్పుడని గట్టు మీదోళ్లు చెప్పారండి," అన్నాడు జ్ఞానానందం. ఫోను సంగతి ఎత్తలేదు. తల వంచుకున్నాడు.

శ్రీవల్లే చెప్పింది. "రెండింటికే ఈ తమ్ముడు నాకు ఫోను చేశాడండి. నేనే పెట్టేశాను."

డాక్టరు రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "తుంటి విరిగినట్టుందమ్మా. గుంటూరు తీసుకెళ్లండి," అన్నాడు.