వెడల్పు అంచు

"తినే బల్ల మీద ఎంగిలి మౌత్‌పీస్ పెడతావా?" అని క్లిఫర్డ్ కూతురు మావిస్ మీద అరిచాడు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఆ బొగ్గుగని ఊరి బ్యాండులో ఒకప్పుడు ఆయన ఊదిన యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకాని ఇప్పుడు మావిస్ వాయిస్తోంది. కానీ పెదవులు ఆనించి ఊదే ఆయన పెద్ద మౌత్‌పీస్ వద్దని చిన్నది కొనుక్కుంది.

"నా పెదవికి ఇదే సరిపోతుంది నాన్నా. నీది బకెట్‌లా ఉంటుంది."

ఆయన ఆ చిన్నదాన్నే ఆమె మూతి మీదికి విసిరికొట్టాడు. పెదవి చిట్లి, నెత్తురు గ్రేవీలో పడింది.

ఆదివారానికి వాపు తగ్గాక మావిస్ రెండూ వాయించి చూసింది. చిన్నదాని అంచు సరిగ్గా గాయాన్నే కొరుకుతోంది. తండ్రిది గాయానికి బయట ఆనుతోంది.

"చెప్పానా, నాదే నీకు సరైనదని?" అన్నాడు క్లిఫర్డ్ భోజనాల దగ్గర.

"అవును నాన్నా, ఇకనుంచి నీదే వాడతాను," అంది మావిస్, మాంసం కోస్తూ. "పక్క ఊరి బ్యాండులో. వచ్చే పోటీలో మీవాళ్ల మీదే."