గడువు పొడిగించు

ప్రేమమణికి చూపు ఒక్కసారిగా పోలేదు. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఆమె తెలుగు టీచరు. నీటికాసుల జబ్బు మొదలైనప్పుడు మొదట పక్క వరసల్లోని పిల్లలు మాయమయ్యారు. తర్వాత నల్లబల్ల అంచులు పోయాయి. చివరికి ఎదురుగా నిలబడి పద్యం అప్పజెప్పే పిల్ల మొహం కూడా పొగమంచులో కలిసిపోయింది. యాభై నిండకముందే ఉద్యోగం మానేసి, పద్మారావు నగర్‌లో అక్క గ్రేసీ ఫ్లాట్‌కి వచ్చేసింది. గ్రేసీ పెళ్ళి చేసుకోలేదు. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ప్రేమమణి కూడా ఒంటరిదే.

సాయంత్రం కాగానే గ్రేసీ బాల్కనీలో కుర్చీ వేసుకుని చెల్లెలికి చదివి వినిపించేది. ముందు పేపరు, తర్వాత నవల, పడుకునే ముందు బైబిల్లో ఒక అధ్యాయం. నవలలో వర్ణన వచ్చిందంటే మాత్రం దాటేసేది.

"చదువక్కా, ఏముందక్కడ?" అని ప్రేమమణి అడిగితే, "కొండలూ మబ్బులూనే. మనకెందుకులే," అనేది.

కిందటేడు వానల్లో గ్రేసీ గుండెపోటుతో పోయింది. చర్చివాళ్ళు వచ్చారు, ప్రార్థన చేశారు, కొన్నాళ్ళు కూర కూడా తెచ్చిచ్చారు. రానురాను ఆదివారం చర్చి మెట్ల దగ్గర చేయి పట్టుకుని "బాగున్నారా సిస్టర్" అని అడగడం వరకే మిగిలింది. పనమ్మాయి పొద్దున వచ్చి గిన్నెలు తోమి వెళ్ళిపోయేది. ఆ తర్వాత మర్నాటి దాకా ఇంట్లో ఎవరి గొంతూ వినబడేది కాదు.

ప్రేమమణికి కంప్యూటర్ వచ్చు. చూపు తగ్గుతున్న రోజుల్లోనే ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళి, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేయడం నేర్చుకుంది. చూపున్నప్పుడు తను వెళ్ళే లైబ్రరీ కొత్త వెబ్‌సైట్ పెట్టిందనీ, అందులో తెలుగు పుస్తకాలు ఇంట్లోనే చదువుకోవచ్చనీ, వినొచ్చనీ రేడియోలో చెబితే ఆశగా తెరిచింది.

కంప్యూటర్ గొంతు, "బటన్," అంది. బాణం నొక్కితే మళ్ళీ, "బటన్." ఇంకోసారి నొక్కితే, "బొమ్మ. రెండు సున్నా నాలుగు ఒకటి." అది ఏ బటనో, ఎవరి బొమ్మో చెప్పలేదు. తెలుగు పుస్తకాల పేజీకి ఎలాగోలా చేరితే ఆ గొంతు ఇంగ్లీషు అక్షరాలనూ కామాలనూ కలగాపులగంగా గడగడా చదివేసింది. ఒక్క తెలుగు మాట లేదు. సభ్యత్వానికి పేరు పెట్టుకుందామంటే బొమ్మలో వంకరటింకరగా ఉన్న అక్షరాలు చూసి టైపు చేయమంది.

ఆమె లైబ్రరీకి ఫోన్ చేసింది. వాళ్ళు వెబ్‌సైట్ తయారుచేసిన చిన్న కంపెనీకి చెప్పారు. రెండు రోజులకు ఫోన్ మోగింది.

"నమస్తే మేడం, రాఘవేందర్ మాట్లాడుతున్న. లైబ్రరీ వెబ్‌సైట్ చేసింది మేమే. ఏం తక్లీఫ్ అయితుందో జెర చెప్పుండ్రి."

"బాబూ, నాకు చూపు లేదు. మీ బటన్లకు పేర్లు లేవు. తెలుగు తెలుగులా వినబడట్లేదు."

"గిట్లెట్ల మేడం? మాకు మంచిగనే కనబడుతున్నది."

"కనబడే వాళ్ళకు బాగానే ఉంటుంది నాయనా. ఒకసారి నువ్వే కళ్ళు మూసుకుని విను."

అతను విన్నాడు. మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో మొదటి రోజు ధీమా లేదు.

"మేడం, నిన్న మానిటర్ బంద్ జేసి, మౌస్ పక్కన పెట్టి వెతికిన. ఒక్క పుస్తకం సుత తెరవలేకపోయిన. నా వెబ్‌సైటే, నాకే దారి దొరకలే."

అలా పని మొదలైంది. రాఘవేందర్ ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవాడు. భార్య, బడికెళ్ళే కూతురు ఉన్నారు. కూతుర్ని బడి దగ్గర దింపి ఆఫీసుకు రాగానే ప్రేమమణికి ఫోన్ చేసేవాడు. అతను సరిచేయడం, ఆమె తన కంప్యూటర్‌లో నొక్కి చూసి చెప్పడం. బొమ్మలోని అక్షరాలు తీసేసి ఫోన్‌కు నంబరు పంపే పద్ధతి పెట్టాడు. పుస్తకాల అట్టల కింద పేరూ రచయితా రాయించాడు. తెలుగు ఎందుకు పలకడం లేదో తెలుసుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. పాత జాబితానంతా ఎవరో ప్రెస్సులో వాడే పాత ఫాంటులో కొట్టి పెట్టారు. కంటికది తెలుగే. లోపలున్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. కంప్యూటర్ గొంతు లోపలున్నదే చదువుతోంది.

"అన్నీ మార్చాలె మేడం. వేల పేర్లు. మార్చినంక తప్పులొస్తయ్. మీరు తెలుగు టీచరు గద, జెర వింటరా?"

ఆమె విన్నది. ఒత్తులు ఎగిరిపోయినచోట ఆపి చెప్పింది. బటన్ల మీది మాటలు కూడా సరిదిద్దింది. ఒకచోట 'సమర్పించు' అని ఉంటే నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇదేంటి బాబూ, చర్చిలో కానుక వేస్తున్నట్టుంది. 'పంపు' అను, చాలు."

"గూగుల్‌ల అదే వచ్చింది మేడం."

"మరి ఈ 'పునరుద్ధరణ' ఏంటి?"

"అదా, తీసుకున్న పుస్తకం ఇంకొన్ని రోజులు ఉంచుకునేటందుకు."

"'గడువు పొడిగించు' అని పెట్టు. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది."

మాటల మధ్యలో వేరే మాటలు వచ్చేవి. అతని కూతురికి ఎక్కాలు రావట్లేదని చెప్పేవాడు. మోండా మార్కెట్‌లో చింతచిగురు వచ్చిందని ఆమె చెప్పేది. అతని అమ్మమ్మకూ చివర్లో చూపు లేదట. మూల మంచం మీద కూర్చోబెట్టి అందరూ తమ పనుల్లో ఉండేవారట. "అప్పుడు చిన్నగ ఉంటి. పక్కన కూసునాలని తెల్వలే మేడం," అన్నాడొకసారి. ప్రేమమణి, "సరే, తర్వాతి పేజీ తెరువు," అంది.

పొద్దున టిఫిన్ తినేసి, ఫోన్ పక్కన పెట్టుకుని ఎదురుచూడటం ఆమెకు అలవాటైంది. రాత్రి పడుకునేటప్పుడే రేపు ఏమేం చెప్పాలో అనుకునేది. తప్పులు దొరికితే సంతోషం కలిగేది. దొరకని రోజున వెలితిగా ఉండేది. ఇదేం తీరు అని తనను తానే మందలించుకునేది కూడా.

వేసవి చివర్లో అతను హుషారుగా ఫోన్ చేశాడు.

"అయిపోవచ్చింది మేడం! గడువు పొడిగించే బటనొక్కటే మిగిలింది. అది సుత రాత్రి సరిచేసిన. మీరు ఓకే అంటే ఈ వారంతో క్లోజ్. నన్ను వేరే ప్రాజెక్టుల ఏస్తున్నరు."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీకి వెళ్ళింది. "గడువు పొడిగించు, బటన్," అని గొంతు స్పష్టంగా పలికింది. నొక్కింది. "మీ గడువు పొడిగించాం," అంది. ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. మెచ్చుకుందామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. కాని నంబరు నొక్కలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. వీధిలో ఎవరో పాత సామాన్లు కొంటామని అరుస్తూ పోయారు.

మర్నాడు అతను అడిగితే, "ఆ బటన్ ఇంకా పలకట్లేదు బాబూ," అంది.

"అవునా? నా దాంట్ల పలుకుతున్నది."

"నా దాంట్లో పలకట్లేదు."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత అతనన్నాడు, "పరేషాన్ గాకుండ్రి మేడం. శనివారం సెలవే. నేనే వచ్చి చూస్తా."

వద్దనడానికి ఆమెకు సాకు దొరకలేదు. వద్దనాలనీ అనిపించలేదు. శనివారం పొద్దున్నే లేచి ఉప్మా చేసింది. గ్రేసీ కుర్చీ తుడిచి హాల్లో వేసింది. వద్దనుకుంటూనే మంచి చీర కట్టుకుంది.

రాఘవేందర్ ఫోన్లో వినిపించిన దానికంటే పొడుగు మనిషిలా ఉన్నాడు. గొంతు పైనుంచి వస్తోంది. చెప్పులు బయట విప్పి వచ్చి, కుర్చీ ఆమె కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.

"ఒక్కసారి ఆ పేజీ తెరువుండ్రి మేడం."

తెరిచింది. ఆ బటన్ దగ్గరకు రాగానే కంప్యూటర్ గొంతు గది నిండా వినిపించేలా, "గడువు పొడిగించు, బటన్," అంది.

తలమీద ఫ్యాను తిరుగుతోంది.

"అబద్ధం చెప్పాను బాబూ," అంది ప్రేమమణి. "ఆ రోజే పలికింది."

"తెలుసు మేడం."

"తెలుసా?"

"సర్వర్‌ల పడుతది గద. మీరు ఎన్నడు నొక్కిన్రో, ఏమైందో, అన్నీ కనబడతయ్."

ఆమె మొహం వేడెక్కింది. అతను కోప్పడి ఉంటే తట్టుకునేది. తెలిసి కూడా ఏమీ అనకుండా, సెలవు రోజున, ఎండలో బండేసుకుని వచ్చాడు. తన మీద జాలిపడి వచ్చాడన్న సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

"మరెందుకొచ్చావు?"

"ఊరికెనే. ఇన్ని రోజులు మాట్లాడినం గద. మిమ్మల్ని చూడకుండనే ప్రాజెక్టు బంద్ జేసుడు మంచిగనిపియ్యలే." ఆగి, మెల్లగా అన్నాడు, "మా అమ్మమ్మ యాదికొచ్చింది మేడం."

ఉప్మా తిన్నాడు. ఉప్పు తక్కువైందని ఆమె అంటే, లేదు మంచిగుందని రెండోసారి పెట్టించుకున్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఫోన్ చేస్తుంట మేడం," అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చిందని ఆమెకు తెలిసింది. కొత్త పనిలో పడ్డాక ఆ మాటకు ఏమవుతుందో కూడా తెలుసు. తను టీచరుగా పనిచేసిన మనిషి. ఏటా మార్చిలో పిల్లలు "మిమ్మల్ని మర్చిపోం టీచర్" అని ఏడ్చి వెళ్ళేవాళ్ళు. అందులో అబద్ధమేమీ ఉండేది కాదు. జూన్‌లో వాళ్ళకు కొత్త టీచరు వచ్చేది.

అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి వెనక ఎవరో ఇంగ్లీషులో మీటింగుకు పిలుస్తున్నారు. "మళ్ళ చేస్తా మేడం," అని పెట్టేశాడు. తర్వాత చేయలేదు. ఆమె కూడా చేయలేదు. ఏ తప్పూ లేనప్పుడు ఏమని చేస్తుంది?

వెబ్‌సైట్ మాత్రం చక్కగా పని చేస్తోంది. కావలసిన పుస్తకం తనే వెతుక్కుంటుంది, తనే తెరుచుకుంటుంది, తనే వింటుంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ గొంతు అలసిపోదు, దగ్గదు. కొండలు వచ్చినా మబ్బులు వచ్చినా ఒక్క వాక్యం వదిలిపెట్టదు. మంచుపట్టిన లోయ గురించి రెండు పేజీలు పూర్తిగా విన్నాక ఒకరోజు ప్రేమమణి కంప్యూటర్ ఆపేసి, చీర కొంగుతో మొహం ఒత్తుకుంది. ఆ వర్ణన ఎంతో బాగుంది. బాగుందని చెప్పడానికి మనిషి లేడు.

వానలు మొదలయ్యాక ఒక బుధవారం ఆమె ఆటో మాట్లాడుకుని లైబ్రరీకి వెళ్ళింది. చూపు పోయాక ఆ గడప తొక్కలేదు. పక్కన చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలుదారికి అడ్డంగా స్కూటర్లు పెట్టి ఉన్నాయి. చేతిలోని మడత కర్రకు టక్కున తగిలాయి. చేసేది లేక మెట్లే ఎక్కబోయింది. వాచ్‌మన్ వచ్చి మోచేయి పట్టుకుని లోపలి దాకా తీసుకెళ్ళాడు.

కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి గొంతు, "ఏం కావాలాంటీ?" అంది.

"పేపర్లు చదివే గది ఇంకా ఉందా అమ్మా?"

"ఉందాంటీ. కానీ మీకు... వెబ్‌సైట్‌లో అన్నీ వినొచ్చు తెలుసా? ఇప్పుడు చూపు లేనివాళ్ళకు కూడా బాగా చేశారు. ఇంత దూరం రానక్కర్లేదు."

"తెలుసమ్మా. చాలా బాగా చేశారు." ప్రేమమణి కర్ర మడిచి పట్టుకుంది. "ఊరికే కాసేపు కూర్చుంటాను. కూర్చోవచ్చా?"

ఆ అమ్మాయి కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చింది. పేరు అక్సా అని చెప్పింది. చేయి పట్టి పొడవాటి బల్ల దగ్గరకు తీసుకెళ్ళి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, తన పనికి వెళ్ళిపోయింది.

బల్లకు అటూ ఇటూ మనుషులున్నారు. కాగితాలు తిప్పుతున్నారు. ఒకాయన ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఎవరో పరీక్షలకు చదివే పిల్లలు కాబోలు, పెన్సిలు కింద పడేసుకుని నవ్వు ఆపుకున్నారు. తడిసిన గొడుగుల వాసన వస్తోంది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ప్రేమమణి రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. పక్కాయన లేచి పోతూ చూసుకోక ఆమె కుర్చీకి తగిలి, "సారీ అమ్మా," అన్నాడు.

"పర్లేదండీ," అంది ఆమె, చప్పున తలెత్తి. అప్పటికే అతని అడుగులు తలుపు దాటిపోయాయి.