సారా ఉపవాసం

రోషన్ వదిలేసిన సంగతి సారా ఎవరికీ చెప్పలేదు. అసలు ప్రేమించిన సంగతే ఇంట్లో తెలియదాయె. ఇకమీదట ఫ్రెండ్స్‌గానే ఉందామని ఫోన్‌లో ఒక ముక్క రాసి పడేసి, ఆ ఆదివారమే ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్ళో తమ తెలుగు క్రైస్తవ సంఘంలో ఏంజెలినా పక్కన కూర్చున్నాడు. ఏంజెలినా సన్నగా ఉంటుంది. పదహారేళ్ళ సారాకి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. తప్పంతా తన లావు ఒంటిదే అనుకుంది.

ఆ రోజు నుంచి తిండి మానేసింది. స్కూల్లో లంచ్ బిన్‌లోకి పోయేది. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి దేవమణి కేర్ హోమ్‌లో నర్సు, ఆమె బతుకంతా డ్యూటీల రోటా చేతిలో ఉంటుంది. ఇక చూసేదెవరు?

కానీ చర్చిలో ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందు తప్పించుకోవడం ఎవరి తరం? బిర్యానీ గరిటెతో నిర్మల ఆంటీ ఎదురొచ్చింది. సారా ప్లేటు వెనక్కి లాక్కుంది. మనవాళ్ళ దృష్టిలో మనిషి తినకపోవడానికి రెండే కారణాలు: షుగరు, లేదా ఉపవాసం. పైగా ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు.

"ఉపవాసవా అమ్మా?" అంది ఆంటీ ముచ్చటపడిపోతూ.

సారా తలూపింది. అంత సులువుగా అబద్ధం దొరికితే ఎవరు కాదంటారు?

మరుసటి ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి దేవమణి నిలబడింది. "ఈ దేశంలో పిల్లలు ఎట్టా పోతన్నారో చూస్తన్నాం గదండీ. నా బిడ్డ మంచినీళ్ళ మీద ఉండి ప్రార్థన చేస్తంది," అంటూ కళ్ళు తుడుచుకుంది. హాలంతా చప్పట్లు. ఒక్కరైనా చేయి పట్టుకుని ఏమైందని అడుగుతారేమోనని సారా చూసింది. ఆంటీలు బుగ్గలు నిమిరి, సన్నబడ్డావని మెచ్చుకున్నారు. రోషన్ తలెత్తలేదు, ఫోన్ చూసుకుంటున్నాడు. అంతమంది మధ్య అంత ఒంటరితనం ఆ పిల్ల ఎన్నడూ ఎరగదు.

సోమవారం పొద్దున దేవమణి యూనిఫాం వేసుకుని, డబ్బా బల్ల మీదే వదిలేసి బయల్దేరింది.

"మమ్, యువర్ లంచ్!"

"నీతోపాటు నేనూ ఉంటన్నా తల్లీ. నిన్న మధ్యాహ్నం నించీ ఏం తిన్లా. బిడ్డ ఒక్కతే ఉపవాసం ఉంటే తల్లికి సిగ్గు గాదూ?"

దేవమణికి షుగరు ఉంది. కారు తాళాలు అందుకోబోతే చేయి వణికి అవి కిందపడ్డాయి.

సారా తల్లికి అడ్డం వచ్చింది. "డోంట్, మమ్! దేవుడి కోసం కాదు. ఐ యామ్ ఫ్యాట్. అందుకే రోషన్ నన్ను వదిలేశాడు."

దేవమణి మెట్ల మీద కూలబడింది. కేర్ హోమ్‌లో ముసలివాళ్ళు రెండు ముద్దలు తక్కువ తింటే కనిపెట్టే మనిషి, కూతురి వదులైన స్వెట్టర్ని ఇప్పుడు చూసింది.

"నీ ఆకలికి చప్పట్లు కొట్టించాను గదే తల్లీ," అంది.

డ్యూటీకి రానని ఫోన్ చేసింది. తమ డాక్టరు క్లినిక్‌కి కూడా చేసి, సారాని ఆ రోజే చూడాలని పట్టుబట్టింది. తర్వాత డబ్బా తెరిచి, కూతురి పక్కన కూర్చుని అన్నం కలిపింది. సారా తీసుకున్న ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. దేవమణి తొందరపెట్టలేదు. తన ముద్ద కూడా వణుకుతున్న చేతిలోనే పట్టుకుని కూర్చుంది.